తోడు ఎవరొస్తారు?

మా పల్నాడులో చలికాలం అంటే ఊపిరి సలపని పనుల కాలం. మిర్చి కోతలు, పత్తి తీతలు, కందులు కొట్టడం, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడేవి. కంటి ఆపరేషన్ల శిబిరాలు కూడా సరిగ్గా ఆ నెలల్లోనే పెట్టేవాళ్ళు. ఎండాకాలంలో కంటికి కత్తి తగిలితే చీము పడుతుందని జనానికి గట్టి నమ్మకం. అందులో కాస్త నిజం లేకపోలేదు, ఎందుకంటే అప్పట్లో ఆపరేషన్లు జరిగేది ఏసీ థియేటర్లలో కాదు, బడి గదుల్లో. చెమట, ఈగలు, దుమ్ము తక్కువగా ఉండే రోజులు చూసుకోవాల్సిందే. దాంతో ఏమయ్యేదంటే, ఇంట్లో ఒక్క చెయ్యి కూడా ఖాళీగా లేని రోజుల్లోనే ముసలివాళ్ళకి చూపు తెచ్చుకునే వీలు దొరికేది.

రిక్షాకి మైకు కట్టుకుని ఒకతను ఊరంతా తిరిగేవాడు. "ఆపరేషను ఉచితం, మందులు ఉచితం, భోజనం ఉచితం, కళ్ళజోడు ఉచితం" అని గొంతు చించుకుని చెప్పేవాడు. అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్ళు చివరిదాకా విని, ఒక్కటే అడిగేవాళ్ళు, "నాకు తోడు ఎవరొస్తారే?" అని. కొడుకు మిర్చి కల్లంలో ఉంటాడు. కోడలు కూలికి పోవాలి, ఆ నెలల్లో కూలి రేటు ఎక్కువ కూడానూ. కూతుళ్ళు వేరే ఊళ్ళలో. ఆపరేషన్ అయ్యాక రెండు కళ్ళకీ కట్లు కట్టి పడుకోబెడతారు కాబట్టి మంచినీళ్ళు తాగించడానికైనా పక్కన ఒక మనిషి ఉండి తీరాలి. ఆ ఒక్క మనిషి దొరక్క ఎంతమంది అలాగే ఉండిపోయారో. కత్తి అంటే భయం అని పైకి చెప్పేవాళ్ళు కానీ అది కొంతవరకే నిజమని నాకిప్పుడు అనిపిస్తుంది. కోడలి కూలి పోగొట్టడం ఇష్టం లేక, కొడుకుని అడగడానికి మొహమాటపడి, "కాటికి కాళ్ళు చాపుకున్నదాన్ని, నాకెందుకులే ఇప్పుడు చూపు" అనేసేవాళ్ళు.

ఇది 1980ల మొదట్లో సంగతి. నేను అప్పుడు హైస్కూల్లో చదువుకునేదాన్ని, మా నాన్న అదే బడికి హెడ్మాస్టరు. కేంద్ర ప్రభుత్వం 1976లోనే జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం అని ఒకటి మొదలుపెట్టింది కానీ, కంటి డాక్టరు అంటే గుంటూరులోనో నరసరావుపేటలోనో ఉండే మనిషి. వాళ్ళు మా దాకా రావాలంటే శిబిరం ఒక్కటే దారి. మా వైపు ఈ శిబిరాలకి ఎక్కువగా ముందుకొచ్చేది లయన్స్ క్లబ్ వాళ్ళు. లయన్స్ క్లబ్ అంటేనే కంటి ఆపరేషన్లు చేయించే సంఘం అనుకునేదాన్ని చాలా ఏళ్ళు. వాళ్ళకి కళ్ళ మీద అంత పట్టు ఎందుకో తర్వాతెప్పుడో తెలిసింది. 1925లో అమెరికాలో వాళ్ళ మహాసభకి, చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వచ్చి, చూపు లేనివాళ్ళ తరఫున నిలబడమని అడిగిందట. ఆవిడ అక్కడ అడిగిన మాటకి ఇక్కడ మా సైన్సు గదిలో బల్లలు కడిగారన్నమాట!

సంక్రాంతి వెళ్ళాక సెలవులు ఇంకో నాలుగు రోజులు పొడిగించి బడిని శిబిరానికి ఇచ్చేవాళ్ళు. బెంచీలన్నీ బయట పడేసి, గదులన్నీ ఫినాయిలుతో కడిగి, గడ్డి పరిచి దాని మీద పట్టాలు, ఆ పైన దుప్పట్లు. సైన్సు గది ఆపరేషన్ గది అయ్యేది. వెనక వరండాలో పంపు స్టవ్‌ల మీద పెద్ద గిన్నెల్లో సామాన్లు మరుగుతూ ఉండేవి. కరెంటు పోతుందేమోనని టార్చిలైట్లు పట్టుకుని సిద్ధంగా నిలబడడానికి పెద్ద క్లాసు అబ్బాయిల్ని పెట్టారు, ఆ డ్యూటీ కోసం మగపిల్లల మధ్య పోట్లాటలు. ఆడపిల్లలకి ఇచ్చిన పని చీటీలు రాయడం, మంచినీళ్ళు అందించడం. నాకు టార్చి ఇవ్వలేదన్న కోపం ఇప్పటికీ కొంచెం ఉంది.

మా నాయనమ్మకి రెండు కళ్ళూ పొరలు కమ్మి ఉన్నాయి అప్పటికి. ఆవిడకి తోడు ఎవరన్న సమస్య లేదు, బడి మాదే, మేమంతా అక్కడే. అయినా ఒప్పించేసరికి మా నాన్న తలప్రాణం తోకకొచ్చింది. చివరికి వచ్చింది. ఏ కంటికి ఆపరేషన్ చెయ్యాలో పొరపాటు జరగకుండా ఆ కంటి పైన నుదుటికి ఒక ప్లాస్టరు ముక్క అంటించేవాళ్ళు. అలా నుదుటి మీద బాసికాలు కట్టినట్టుగా తెల్ల పట్టీలతో పెద్దవాళ్ళంతా వరసగా గోడకి ఆనుకుని కూర్చుని ఉంటే మా నాయనమ్మ, "ఏందిరా ఇది, ఈ వయసులో నాకు మళ్ళీ పెళ్ళా?" అంది. ఆ వరసంతా నవ్వులు. అంత టెన్షన్‌లో కూడా!

అసలు గొడవ ఆపరేషన్ తర్వాత. ఆ రోజుల్లో కంటి పై అంచున సగం చుట్టూ కోసి, పొర పట్టిన కటకాన్ని మొత్తంగా బయటికి లాగేసి, కుట్లు వేసేవాళ్ళు. ఆ కుట్లు అతుక్కునేదాకా తల కదపకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు, ముక్కకూడదు, వంగకూడదు. మా నాయనమ్మకి ముక్కుపొడి అలవాటు. మీ ఇళ్ళలో ముక్కుపొడి పీల్చే పెద్దవాళ్ళుంటే నేను చెప్పేది మీకు అర్థమవుతుంది. రొంటిన దోపుకున్న ఆ చిన్న డబ్బాని మొదటి రోజే నర్సమ్మ పట్టేసుకుంది. "తుమ్మితే కుట్లు ఊడి కన్ను బయటికొస్తుంది మామ్మా" అని బెదిరించింది కూడా. అంతే, మా నాయనమ్మ మొగుడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. రెండు కళ్ళకీ కట్టు, పక్కన చుట్ట మానలేక అల్లాడిపోతున్న ఇంకో తాత, ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనపడకుండానే రోజంతా ఆ నర్సమ్మని తిట్టుకుంటూ ఓదార్చుకున్నారు. నేను ఇడ్లీ ముక్కలు పాలల్లో నానబెట్టి తినిపించేదాన్ని, నములుతుంటే కన్ను అదురుతుందని భయం.

తీసేసిన కటకం బదులు లోపల ఏమీ పెట్టేవాళ్ళు కాదు అప్పట్లో. కంట్లో ఉండాల్సినదాన్ని ముక్కు మీద మోయాలి, ప్లస్ పది నంబరు అద్దాలు, సోడాబుడ్డి అంటే నిజంగా సోడాబుడ్డే. అవి పెట్టుకోగానే మా నాయనమ్మ మొదట చూసింది మా అమ్మ మొహం. చూసి, "ముక్కుపుడక ఎప్పుడు మార్చావే?" అంది. ఆ ముక్కుపుడక మార్చి చాలా ఏళ్ళయింది. మా అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయి కాసేపు బయటికి రాలేదు.

కానీ ఆ అద్దాలతో బతకడం కూడా మామూలు సంగతి కాదు. వాటిల్లోంచి చూస్తే అన్నీ పావు వంతుకి పైగా పెద్దవిగా, దగ్గరగా కనపడతాయి. గ్లాసు ఇక్కడుందని చెయ్యి చాపితే అక్కడ ఉండేది కాదు. మెట్టు లేనిచోట కాలెత్తేది, ఉన్నచోట తట్టుకునేది. అద్దం మధ్యలోంచి చూస్తేనే సరిగ్గా కనపడుతుంది, అంచుల దగ్గర ఒక గుండ్రటి చీకటి, అందుకని పక్కనుంచి వచ్చే మనిషి హఠాత్తుగా ఊడిపడ్డట్టు ప్రత్యక్షమయ్యేవాడు. "ఎక్కణ్ణించి వచ్చావురా దెయ్యంలా" అని మా తమ్ముణ్ణి ఎన్నిసార్లు తిట్టిందో. అయినా సరే, బియ్యంలో రాళ్ళు ఏరింది, పత్తిలో చెత్త తీసింది, పండక్కి ముగ్గు వేస్తానని పట్టుబట్టింది. ఆ అద్దాలకి వెనక తాడు కట్టుకుని పడుకునేది. ఎందుకంటే అవి పగిలితే మళ్ళీ మొదటికే. మా వీధి చివర ఒకాయనకి అచ్చంగా అదే జరిగింది. ఎద్దు కాలికింద పడి అద్దాలు ముక్కలయ్యాయి. ఆపరేషన్ బ్రహ్మాండంగా చేశారు, కన్ను శుభ్రంగా ఉంది, కానీ నరసరావుపేట తీసుకెళ్ళి కొత్త జోడు కొనిపెట్టే తీరిక కొడుక్కి దొరకలేదు. మిర్చి అయ్యాక అన్నాడు, తర్వాత దుక్కులయ్యాక అన్నాడు. ఆయన చివరిదాకా గోడలు తడుముకుంటూనే తిరిగాడు.

ఇంట్లో పెద్దవాళ్ళకి చూపు పోతే మొట్టమొదట బడి మానేసేది ఆడపిల్ల. ఇది ఎవరూ ఎక్కడా లెక్క రాయరు. నాతో నాలుగో తరగతి చదివిన ఒకమ్మాయి ఉండేది, లెక్కల్లో నాకన్నా చురుకు. వాళ్ళ తాతకి చూపు తగ్గాక ఆయన చేతికర్ర రెండో కొస ఈ పిల్ల చేతికి ఇచ్చారు. పొద్దున చెంబు పట్టుకుని కాలువ గట్టుకి, తర్వాత టీ బంకుకి, మధ్యాహ్నం రచ్చబండకి, సాయంత్రం గుడికి. ఆయన ఎక్కడికెళ్తే అక్కడికి ముందు ఈ పిల్ల, వెనక ఆయన. మేము బడికి పోతుంటే ఎదురుపడేవాళ్ళు. తాత చాలా మంచివాడు, దారంతా కథలు చెప్పేవాడు, ఆ పిల్లకి అదేమీ బాధగా కూడా ఉన్నట్టు ఉండేది కాదు. మా నాన్న శిబిరం అనగానే ముందు వాళ్ళింటికి వెళ్ళాడు. తోడు ఎవరు అంటే, ఇంకెవరు, ఆ పిల్లే! శిబిరంలో ఉన్నన్నాళ్ళూ తాత పక్కనే చాప మీద పడుకుంది. ఆయనకి చూపొచ్చింది, ఆ పిల్లని మా నాన్న మళ్ళీ బడిలో వేయించాడు. కానీ తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చోవాల్సి వచ్చింది, పొడుగ్గా అయిపోయింది, సిగ్గు. ఓ ఏడాది వచ్చిందేమో. తర్వాత పత్తి తీతలకి పోవడం మొదలుపెట్టింది. కంటి జబ్బుల లెక్కల్లో ఆ తాత ఒక్కడే ఉంటాడు, ఈ పిల్ల ఎక్కడా ఉండదు.

అన్ని కళ్ళూ శుక్లాలే కాదు, అందరికీ చూపు రాలేదు కూడా. మా పెదనాన్న ఆ శిబిరానికి చాలా ఆశగా వచ్చాడు. ఆయన గుమ్మాలకి గుద్దుకునేవాడు, ఎదురుగా ఉన్న మనిషిని చూసేవాడు కానీ పక్కన కట్టేసి ఉన్న గేదెని చూసేవాడు కాదు, పొద్దుగూకితే ఇంకా ఇబ్బంది. ఊళ్ళో కొందరు తాగుతున్నాడని కూడా అనుకున్నారు. డాక్టరు లైటు వేసి లోపలికి చాలాసేపు చూసి, ఇది శుక్లం కాదు, నీటికాసులు అన్నాడు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది, నొప్పి ఉండదు, అంచుల నుంచి లోపలికి మెల్లగా తినేస్తూ వస్తుంది, మనిషికి తెలిసేసరికి చాలావరకు పోయి ఉంటుంది. పోయింది తిరిగి రాదు. శుక్లానికీ దీనికీ తేడా అదే. చుక్కల మందు వేసుకుంటే మిగిలింది నిలుస్తుంది అంతే. మా పెదనాన్న "మరి పక్కవాళ్ళందరికీ వస్తుంటే నాకెందుకు రాదు" అని డాక్టర్ని పట్టుకుని అడగడం, ఆ డాక్టరు తల దించుకోవడం నేను చీటీల బల్ల దగ్గర్నుంచి చూశాను. ఆ రోజు ఆయన ఇంకో మాట చెప్పాడు, ఇది ఇళ్ళల్లో వస్తుంది, అన్నదమ్ములు కూడా చూపించుకోండి అని. మా నాన్న ఆ మాట పట్టుకున్నాడు. ఏటా గుంటూరు వెళ్ళి ఒత్తిడి చూపించుకునేవాడు. కొన్నేళ్ళకి ఆయనకీ పెరిగింది, చుక్కలు మొదలుపెట్టారు, ఎనభై దాటాక కూడా పేపరు చదువుకున్నాడు. అన్న కన్ను తమ్ముడి కన్నుని కాపాడింది అంటే అతిశయోక్తి కాదు. మీ ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే మీరు నలభై దాటాక ఒకసారి వెళ్ళండి, బాగా కనపడుతున్నా సరే.

మా అత్త సంగతి తలుచుకుంటే మాత్రం నాకు కోపం వస్తుంది. మేనత్త కాదు, వరసకి. కంది మోపు దించుతుంటే పుల్ల కంటికి తగిలింది. పని రోజులు కదా, కంటికి గుడ్డ కట్టుకుని అలాగే పనికి పోయింది. ఒకావిడ పసరు పిండింది, ఇంకొకావిడ చనుబాలు పోయించింది. ఎర్రబడి వాచాక మందుల షాపుకెళితే అక్కడ ఏవో చుక్కలిచ్చారు, రెండ్రోజులు హాయిగా అనిపించింది కూడా. స్టీరాయిడ్ చుక్కలు అంతే, ఎరుపు తగ్గిస్తాయి, లోపల బూజు జబ్బు ఉంటే దానికి ఎరువేసినట్టు పెంచుతాయి. పైరు ఆకు, కట్టె, వరి గింజ తగిలి వచ్చే పుండ్లలో ఈ ఫంగస్ చాలా మామూలు. పెద్దాసుపత్రికి చేరేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు వేసేసింది. మొదట్లోనే వచ్చి ఉంటే పుండు గీరి చూసి సరైన మందు వేసేవాళ్ళం అన్నారు. ఎవరు తీసుకొస్తారు మొదట్లోనే? మోపులు ఎవరు దించుతారు?

రేచీకటి పిల్లల్ని కూడా చూశాం మేము. దీపాలు పెట్టే వేళకి అరుగు మీంచి కదలని పిల్లలు. 1970 నుంచే విటమిన్ ఏ మందు ఇవ్వడం మొదలైందట, ఆరు నెలలకోసారి, అయిదేళ్ళు వచ్చేదాకా. మా తమ్ముడికి చెంచాతో ఆ మందు పోస్తుంటే ఉమ్మేసి తన్నులు తిన్నాడు. ఇప్పుడు ఆ పిల్లలు కనపడ్డం లేదు మా వైపు. పోలియో గురించి చెప్పుకున్నంత గొప్పగా దీని గురించి ఎవరూ చెప్పుకోరెందుకో.

ఇక నా కళ్ళజోడు భాగోతం. బోర్డు కనపడక పక్కమ్మాయి పుస్తకం చూసి రాసేదాన్ని, హెడ్మాస్టరు కూతురు కాపీ కొడుతోందని పేరొచ్చింది. అదే శిబిరానికి వచ్చిన ఒక అద్దాల నిపుణుడు సరదాకి నా కళ్ళు కూడా చూసి, ఈ పిల్లకి మైనస్ రెండున్నర అన్నాడు. మా అమ్మకి ప్రపంచం తలకిందులైంది. మగపిల్లాడికి అద్దాలొస్తే చదువుకుంటున్నాడని గొప్ప, ఆడపిల్లకి వస్తే సంబంధాలు రావు. ఇంట్లో పెట్టుకో, బయట తీసెయ్ అని రాజీ కుదిరింది కొన్నాళ్ళు. పెళ్ళిచూపుల రోజు కూడా తీసేయించారు, అందుకని మా ఆయన మొహం నేను సరిగ్గా చూసింది నిశ్చయ తాంబూలాలు అయ్యాకే. ఏదో, పరవాలేదు.

పెళ్ళయి హైదరాబాద్ వచ్చాను. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి అప్పటికే ఉంది, 1987లో మొదలైంది. సినిమా దర్శక నిర్మాత ఎల్వీ ప్రసాద్ కుటుంబం స్థలం ఇస్తే, అమెరికా నుంచి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు దాన్ని నిలబెట్టారు. ఆయన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివారని తెలిసి మావాడే అని నాకు ఒక తుత్తి. 90ల చివర్లో మా అత్తగారికి శుక్లం ఆపరేషన్ చేయించాం. పొద్దున తీసుకెళ్ళాం, సాయంత్రానికి ఇంటికొచ్చి కాఫీ అడిగింది. కంట్లోనే కటకం పెట్టారు, సోడాబుడ్డి లేదు, గడ్డి పరుపు లేదు, కావాలంటే తుమ్మొచ్చు. నాయనమ్మ అప్పటికి లేదు. ఆ కటకాలు మొదట్లో విదేశాల నుంచి రావాలి, మనలాంటి వాళ్ళకే ఖరీదు, ఇక పల్లెల్లో వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. 1992లో మదురైలో అరవింద్ వాళ్ళు ఆరోలాబ్ పెట్టి ఇక్కడే తయారుచెయ్యడం మొదలుపెట్టాకే అవి సామాన్యుల కళ్ళలోకి వచ్చాయి. ఆ అరవింద్ ఆసుపత్రిని 1976లో పదకొండు మంచాలతో మొదలుపెట్టిన డాక్టర్ వెంకటస్వామికి కీళ్ళ జబ్బుతో వేళ్ళు వంకరపోయి ఉండేవట. ఆ వేళ్ళతోనే వేల కళ్ళకి ఆపరేషన్లు చేశారు.

1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో మన రాష్ట్రంతో కలిపి ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ప్రాజెక్టు ఒకటి వచ్చింది. అప్పటినుంచి మెల్లమెల్లగా బడుల్లో ఆపరేషన్లు పోయాయి. ఊళ్ళో పరీక్ష మాత్రం చేసి, అవసరమైన వాళ్ళని బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళి, చేయించి, మళ్ళీ ఊళ్ళో దింపడం. గుంటూరు పక్కన పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి వాళ్ళు చేసేది ఇదే పద్ధతి. బడి గది శిబిరాల మీద నాకెంత మమకారం ఉన్నా ఇదే మంచిదంటాను. ఆ శిబిరాల్లో చీము పట్టి ఉన్న కాస్త చూపూ పోయిన వాళ్ళు దేశమంతా ఉన్నారు, మా శిబిరం అదృష్టవశాత్తూ గండం గడిచి బయటపడిందంతే.

అయితే నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి వాళ్ళ పిరమిడ్ లెక్క. యాభై వేల మందికి ఒక చిన్న విజన్ సెంటర్, అయిదు లక్షల మందికి ఆపరేషన్లు చేసే ఒక ఆసుపత్రి, యాభై లక్షల మందికి ఇంకా పెద్దది, ఆ పైన అన్నిటికీ పైన ఉండే సంస్థ. కింద ఉండే ఆ చిన్న సెంటర్లో డాక్టరు ఉండడు. అక్కడి ఊళ్ళలోనే పుట్టి పెరిగిన పిల్లల్ని తీసుకుని ఏడాది శిక్షణ ఇచ్చి కూర్చోబెడతారు. చూపు పరీక్షించడం, ఒత్తిడి చూడడం, అద్దాలివ్వడం, తేడా ఉంటే పైకి పంపడం వాళ్ళ పని. డాక్టరు లేని కంటి ఆసుపత్రి ఏమిటని మొదట నేనూ ముక్కు విరిచాను. తర్వాత మా అత్త గుర్తొచ్చింది. మా వీధి చివర అద్దాలు పగిలిన ఆయన గుర్తొచ్చాడు. వాళ్ళకి కావలసింది పెద్ద డాక్టరు కాదు, నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఒక గది, అందులో "ఇది ఊరికే వదిలేసేది కాదు, రేపే వెళ్ళు" అని గట్టిగా చెప్పే ఒక మనిషి.

ప్రభుత్వం ఉచితంగా కంటి పరీక్షలు చేసే కంటి వెలుగు పథకం తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైనప్పుడు, ఆంధ్రలో 2019 అక్టోబరులో మొదలై ముందుగా బడి పిల్లల్ని చూసినప్పుడు, ఇళ్ళల్లో రాజకీయాలు ఎవరికి తోచినట్టు వాళ్ళు మాట్లాడుకున్నారు. నాకు తెలిసింది ఒక్కటే, ఖమ్మం దగ్గర మా చెల్లెలి అత్తగారికి దగ్గరి చూపు అద్దాలు ఇంటి పక్కనే దొరికాయి. చత్వారం వచ్చి సూదిలో దారం ఎక్కక మిషను మూలన పెట్టేసిన మనిషి మళ్ళీ జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. దగ్గరి చూపు అద్దాలు ఎంతలో వస్తాయి? అది లేక ఎంతమంది చేతిలో పని వదిలేశారు?

ఇప్పుడు మా అమ్మ వంతు. నాన్న పోయాక ఊళ్ళోనే ఉంటానంది. షుగరు ఉంది. షుగరున్న వాళ్ళు చూపు బాగున్నా సరే ఏడాదికోసారి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని లోపల పొర చూపించుకోవాలని నేను ఫోన్‌లో వందసార్లు చెప్పి ఉంటాను. "నాకు శుభ్రంగా కనపడుతోంది" అనేది. శుభ్రంగా కనపడితే పోయినసారి పులిహోరలో ఆవాలతో పాటు ఆ చీమలేమిటి అంటే ఫోన్ పెట్టేసింది. నేను సెలవు పెట్టి వెళ్ళి తీసుకెళ్ళాలి అనుకోవడం, ఆఫీసులో ఏదో ఒకటి రావడం, ఇలా గడుస్తోంది.

మొన్న తనే ఫోన్ చేసింది. మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా మెట్లెక్కితే ఉన్న విజన్ సెంటర్‌కి తనూ పక్కింటి వదినా షేర్ ఆటోలో వెళ్ళొచ్చారట. ఏవో చుక్కలు వేసి, కంటి లోపల ఫోటో తీసి, దాన్ని పెద్దాసుపత్రికి పంపితే అక్కడి డాక్టరు చూసి చెప్పాడట. కుడికంట్లో శుక్లం ముదిరింది, షుగరు మచ్చలు ఇప్పుడిప్పుడే మొదలు, మందులతో పాటు షుగరు అదుపులో పెట్టుకుని ఆరు నెలలకి మళ్ళీ చూపించుకోవాలి. పరీక్ష చేసిన పిల్లది మా పక్క ఊరేనట, వాళ్ళమ్మమ్మది మాకు దూరపు చుట్టరికం అని అయిదు నిమిషాల్లో తేల్చేసింది మా అమ్మ. నాతో చెప్తే నేనే వచ్చేదాన్ని కదా అని కోప్పడ్డాను.

"నువ్వొచ్చేదాకా కూర్చుంటే ఇంకో సంక్రాంతి కూడా పోద్ది" అంది. "వచ్చే నెల మంగళవారం ఆపరేషను. బస్సు వాళ్ళే పంపుతారంట, మళ్ళీ వాళ్ళే దింపుతారంట. మీ వదిన కూడా వస్తోంది, దానిది ఎడం కన్ను. నువ్వు సెలవులేమీ పెట్టుకుని రామాక, వచ్చావంటే నీకు వండి పెట్టే పని కూడా నాకే."